ఆచంద్రతారార్కం, నాలుగు గళ్ళలో

క్యాలెండరు మేకు దగ్గర మొదలైన గొడవ నడవా దాటి, వంటింటి గడప దాటి, పెసరట్ల పెనం దాకా వచ్చి అక్కడ ఇంకాస్త వేడెక్కింది.

"ఆ మాట నాదండీ," అంది మంగతాయారు అట్టు తిరగేస్తూ. "పెళ్ళయిన ఏడాది మీరు మీ పెదనాన్నగారి మీద అలిగి రెండు పూటలు అన్నం మానేశారు చూడండి, అప్పుడన్నాను. ఈ పొయ్యి దగ్గర నిలబడే అన్నాను."

"అనుంటావు. కాదన్నానా?" అన్నాడు గంగాధరం, పీట మీద కూర్చుని అట్టు కోసం ఎదురుచూస్తూ. "అనడం వేరు, రాయడం వేరు తాయారూ. అన్నది గాలికి పోతుంది. రాసింది నిలుస్తుంది."

"నిలిచింది కాబట్టే కదా రైసుమిల్లు వాళ్ళు అచ్చేశారు. కింద నా పేరు కూడా వేస్తే మిల్లు ఆగిపోతుందా?"

కొత్త సంవత్సరం క్యాలెండరు అది. పైన మిల్లు బొమ్మ, మధ్యలో బియ్యం బస్తా, బస్తా మీద ఎర్రటి అక్షరాలు: 'మగవాడి కోపం పాలపొంగు. చూస్తూ కూర్చుంటే పొంగదు, తల తిప్పితే పొయ్యంతా పాలే.' ఆ కింద, 'ప్రముఖ నవలా రచయిత పుల్లేటికుర్తి గంగాధరం.'

"ఇద్దరూ ఊరుకోండర్రా," అని వసారాలో నులకమంచం మీంచి కేక వచ్చింది. గంగాధరం తల్లి సీతాయమ్మకి ఎనభై నాలుగేళ్ళు. చెవులు ఆవిడకి కావలసినప్పుడు బాగానే పనిచేస్తాయి. "అది నా మాట. నువ్వు కాపరానికొచ్చిన మూడోనాడే చెప్పేనే తాయారూ, మీ మావయ్య గురించి. ఆ మడిసిది పాలపొంగు కాదు, గంజి పొంగు. పాలపొంగని మర్యాదకి అన్నాను."

గంగాధరం చప్పున జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి ఏదో రాసుకున్నాడు.

"ఇప్పుడేం రాశారు?" అంది మంగతాయారు.

"అమ్మ అన్నది గంజి పొంగు. నువ్వు అన్నది మిల్లు ఆగిపోతుందా. రెండూ బావున్నాయి."

ఆ ముక్కకి మంగతాయారు అట్టు పెనం మీదే వదిలేసి బయటికొచ్చేది, కానీ పెరట్లోంచి కూతురు హైమ పిలిచింది. "అమ్మా, నీళ్ళు కాగాయే! బుజ్జిది లేచింది." నెలా పది రోజుల పిల్లతో పుట్టింట్లో ఉంది హైమ. నీళ్ళ వేళకి ఆ ఇంట్లో ఎంతటి గొడవకైనా విరామం.

మంగతాయారు పెరట్లో పీట మీద కూర్చుని, కాళ్ళు చాచి, పిల్లని కాళ్ళ మీద బోర్లా వేసుకుంది. నూనె మర్దించి, శనగపిండి నలిచి, చెంబుతో నీళ్ళు పోస్తూ పాట ఎత్తుకుంది.

"చెవిలో నీళ్ళు చేపకి, ముక్కులో నీళ్ళు కప్పకి, ఒంట్లో మురికి కాకికి, పొట్టలో పాలు పాపకి."

అప్పటిదాకా పెదవి విరిచి ఏడుపుకి సిద్ధమవుతున్న పిల్ల, కప్ప దగ్గరికి వచ్చేసరికి ఏడుపు సంగతి మర్చిపోయింది. రోజూ అంతే.

హైమ మూడు నెలల పిల్లగా ఉన్నప్పుడు చెవిలో చీము పట్టి నానా హైరానా అయింది. ఆ తర్వాత మొదటిసారి నీళ్ళు పోస్తుంటే భయమేసి, ఆ భయం పిల్లకి తెలియకూడదని మంగతాయారు నోటికొచ్చింది అనేసింది. అదే ఆ పాట. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. గంగాధరం మాత్రం దాన్ని తన ఏడో నవల 'పీట మీద పొద్దు'లో పెట్టుకుని, 'ఇది ప్రాచీన జానపద గేయం, నేను సేకరించాను' అని ముందుమాటలో రాశాడు. సేకరించడానికి ఆయన నడిచిన దూరం, పడక్కుర్చీ నుంచి పెరటి గుమ్మం దాకా.

గంగాధరం రామచంద్రపురం హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. పన్నెండు నవలలు రాశాడు. పన్నెండూ సంసారపు నవలలే. "మా ఇంట్లో దూరి విన్నట్టే రాస్తారండీ మాస్టారూ," అంటారు పాఠకులు. పాపం, ఆయన ఎవరింట్లోనూ దూరలేదు. తన ఇంట్లోనే విన్నాడు.

ఇక రచయితకి తన రచన మీద హక్కు ఎన్నాళ్ళుండాలన్న విషయంలో ఆయనకి ఎప్పుడూ స్థిరమైన అభిప్రాయం ఉండేది. అది మారుతూ ఉండేది, అంతే.

ఇరవయ్యారో ఏట ఎవరో పెద్దాయన నవలని అడక్కుండా నాటకంగా మార్చి వేయిస్తున్న రోజుల్లో, కుర్ర రచయితల సభలో లేచి, "సాహిత్యం గోదారి నీళ్ళు. ఎవరి బిందె వాళ్ళు ముంచుకోవచ్చు. రచయిత హక్కు అయిదేళ్ళు చాలు, ఆ తర్వాత అంతా జనం సొత్తు," అని తీర్మానం పెట్టాడు. చప్పట్లతో నెగ్గింది. ముప్ఫై తొమ్మిదో ఏట ఆయన తొలి నవలని మండపేట కుర్రాళ్ళు అడక్కుండా నాటకం వేసేశారు. అదే సభలో లేచి, "గోదారి అందరిదే అధ్యక్షా, కానీ బిందె ఎవరిది?" అని గద్గద స్వరంతో అడిగి, చనిపోయాక పాతికేళ్ళు కావాలన్నాడు. అవే చప్పట్లతో అదీ నెగ్గింది. యాభయ్యో ఏట ఒక నవల టీవీ సీరియల్ అయ్యాక వందేళ్ళన్నాడు. మొన్న మనవరాలు పుట్టిన పదకొండో రోజున ఉయ్యాల తాడు పట్టుకుని, "ఈ పిల్ల మనవలకీ, వాళ్ళ మునిమనవలకీ చెందాలి. ఆచంద్రతారార్కం!" అన్నాడు. సూర్యచంద్రులూ నక్షత్రాలూ ఉన్నంతకాలం అని. ఒక్కసారి కూడా ఆయన అబద్ధమాడలేదు. ప్రతిసారీ ఆ పూటకి మనస్ఫూర్తిగా నమ్మేవాడు.

రచయితలందరూ అలాగే ఉండేవారు. హక్కు పెంచమని వచ్చిన అర్జీలు ఒక బీరువాలోనూ, తగ్గించమని వచ్చినవి ఇంకో బీరువాలోనూ పెట్టుకుంటూ వచ్చిన ప్రభుత్వం, ఒక రోజు బీరువాలు దులిపిస్తే రెండింట్లోనూ సంతకాలు ఒక్కటేనని తేలింది. దాంతో జీవో వచ్చింది.

'రచయితల అభిప్రాయములు వయోనుగుణముగా, గ్రంథానుగుణముగా, ఒక్కొక్కప్పుడు ఉదయ సాయంకాలానుగుణముగా మారుచున్నట్లు ప్రభుత్వము వారి దృష్టికి వచ్చినందున, ఇకమీదట ఏ రచయిత ఎన్ని సంవత్సరములు కోరిన అన్ని సంవత్సరములు మంజూరు చేయబడును. అయితే సదరు రచయిత తనకు కోరిన కాలమే, తాను ఇతరుల నుండి తీసుకొన్న ప్రతిదానికిని వర్తించును.'

గంగాధరం మొదటి వాక్యం రెండుసార్లు చదివి కళ్ళు తుడుచుకున్నాడు. రెండో వాక్యం చదవడానికి కళ్ళు సరిగా కనబడలేదు.

కాకినాడలో ఒకప్పటి వలల గోడౌనులో 'రచనా హక్కుల కాలనిర్ణయ కార్యాలయం' తెరిచారు. గంగాధరం మంగతాయారుని వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఆయన జిరాక్సులకి వెళ్ళినప్పుడు లైన్లో నిలబడడానికి మనిషి కావాలి కదా.

గోడౌనుకి రెండు కిటికీలు. ఒకదాని మీద 'పెంచుకొనువారు', రెండోదాని మీద 'తగ్గించుకొనువారు' అని రాసుంది. మధ్యలో టీ బంకు. పెంచుకునే లైన్లో నిలబడినవాళ్ళు టీకి వెళ్ళి, అక్కడ తగ్గించుకునేవాళ్ళతో కాసేపు వాదించి, అభిప్రాయం మార్చుకుని అవతలి లైన్లో చేరుతున్నారు. అవతలివాళ్ళు ఇవతలికి వస్తున్నారు. పొద్దున్నించీ రెండు లైన్లూ సమానంగానే ఉన్నాయట; మనుషులే వేరు.

మంగతాయారు ముందున్న అమలాపురం కవిగారు కిటికీ దగ్గరికి చేరి, "నాకు రెండొందలేళ్ళు," అన్నారు ఠీవిగా.

"తమ పద్యములలో వెన్నెల కలదా?" అడిగాడు లోపలి గుమస్తా.

"వెన్నెల లేకుండా ఎలాగండీ?"

"ఎవరి నుండి తీసుకున్నారు? రెండు వందల సంవత్సరముల లోపు వారైతే అనుమతి పత్రములు జతపరచవలెను. మల్లెపూలు, కోయిల, కన్నీరులకు విడివిడిగా."

కవిగారు ఒక్క క్షణం ఆలోచించి అవతలి లైను తోకలోకి నడిచారు. అక్కడినుంచి ఇద్దరు ఇవతలికి వచ్చారు.

గంగాధరం ఫారంలో 'కోరిన కాలము' అన్నచోట 'ఆచంద్రతారార్కం' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చాడు. గుమస్తా దాన్ని చూసి లేచి నిలబడి, లోపలికి తీసుకెళ్ళాడు. లోపలినుంచి కాలనిర్ణయాధికారి బిక్కవోలు త్రినాథరావే స్వయంగా వచ్చాడు. పొట్టిగా, నున్నగా, ఇస్త్రీ మడత నలగకుండా ఉన్న మనిషి.

"సంకల్పము ఉన్నతముగా ఉన్నది. కానీ అంకెలలో వ్రాయవలెను," అన్నాడు. "సూర్యచంద్రులు ఎంతకాలము ఉండగలరన్నది మా శాఖ పరిధిలోనిది కాదు. సంబంధిత శాఖకు లేఖ వ్రాసెదము."

పద్నాలుగు రోజులకి జవాబొచ్చింది. సూర్యుడు ఇంకో అయిదొందల కోట్ల సంవత్సరాలు ఉండవచ్చునని, ఇందులో ఏదైనా మార్పు ఉన్నచో ముందుగా తెలియజేయగలమని. కానీ ఫారంలో సంవత్సరాలకి నాలుగే గళ్ళున్నాయి. అచ్చయిన ఫారం మార్చడం కన్నా సూర్యుణ్ణి తగ్గించడం తేలికని పైవాళ్ళు తీర్మానించారు. గంగాధరానికి మరణానంతరం తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది సంవత్సరాలు ఖాయమైంది, విచారణకి లోబడి.

"విచారణంటే ఏంటండీ?" అడిగింది మంగతాయారు బస్సులో.

"ఏదో నామమాత్రం," అన్నాడు గంగాధరం, కిటికీలోంచి సూర్యుడి వైపు ఆప్యాయంగా చూస్తూ.

నామమాత్రపు విచారణకి త్రినాథరావు జీపులో వచ్చాడు. పన్నెండు నవలలు, ఒక రిజిస్టరు, నాలుగు రంగుల పెన్సిళ్ళు వెంట తెచ్చాడు. వసారాలో బల్ల వేయించుకుని విధానం వివరించాడు. నవలలో భార్య మాటల కింద ఎరుపు గీత, తల్లివాటి కింద నీలం, ఇరుగుపొరుగు, సామెతలు వగైరాలకి ఆకుపచ్చ, రచయిత సొంతానికి నలుపు.

"ఈ పాలపొంగు ఎవరిది?" అన్నాడు మొదటి పుస్తకం తెరిచి.

"నాది," అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

"నేనే దీనికి చెప్పేను బాబూ," అంది సీతాయమ్మ. "నాకు మా పాల పోలమ్మ చెప్పింది."

"సదరు పోలమ్మ ఎక్కడున్నది?"

"ఎక్కడుంటుంది? పైన. అక్కడా నీళ్ళే కలుపుతుంటుంది."

త్రినాథరావు చాలాసేపు రాసి, "పోలమ్మ విచారణకు అందుబాటులో లేనందున, సజీవముగా ఉన్న అత్యంత పురాతన వక్తకు హక్కు సంక్రమించును," అని ప్రకటించి, సీతాయమ్మకి 'మూలవక్త' అని ఒక గుర్తింపు కార్డు ఇచ్చాడు. ఆవిడ దాన్ని మెళ్ళో తులసిపూసల దండకి కట్టుకుంది. మంగతాయారుకీ ఒక కార్డు వచ్చింది. ఆకుపచ్చ గీతల సంగతి వేరే తేల్చాల్సి వచ్చింది. నవలల్లోని రెండొందల పద్నాలుగు సామెతలకి యజమానులెవరో ముందుకు రావలసిందిగా పేపర్లో ప్రకటన వేస్తే, 'అత్త మీద కోపం దుత్త మీద' ఒక్కదానికే నలభై మూడు మంది వచ్చారు. అందరూ కోడళ్ళే. మా ఇంట్లో జరిగిందే అని ఒక్కొక్కరూ సాక్ష్యంగా పగిలిన దుత్త పెంకులు తెచ్చారు.

విచారణ మూడు రోజులు సాగింది. మొదటి రోజు మధ్యాహ్నానికి ఎర్ర పెన్సిలు అరిగిపోయింది. బజారు నుంచి డజను తెప్పించారు. రెండో రోజు అవీ అయిపోయాయి. మూడో రోజు రామచంద్రపురంలో ఎర్ర పెన్సిళ్ళు లేవంటే ద్రాక్షారామం మనిషిని పంపారు. నీలం రెండు అరిగాయి. నల్ల పెన్సిలు తెచ్చింది తెచ్చినట్టే, ముక్కు చెక్కకుండా బల్ల మీద పడుంది. గంగాధరం దాని వైపే చూస్తూ కూర్చున్నాడు. ఉండబట్టలేక ఒకసారి తనే చెక్కిపెట్టాడు.

"నాన్నా, నాలుగో నవల్లో నా పదో క్లాసు ఉత్తరం ఎలా వచ్చింది?" అంది హైమ, పిల్లని భుజాన వేసుకుని పుస్తకం తిరగేస్తూ. "అది నేను చింపేసి చెత్తబుట్టలో వేశాను!"

"ముక్కలన్నీ దొరకలేదమ్మా," అన్నాడు గంగాధరం నొచ్చుకుంటూ. "మధ్యలో రెండు వాక్యాలు నేనే ఊహించాను."

"నలుపు! ఎట్టకేలకు నలుపు!" అంటూ త్రినాథరావు ఉత్సాహంగా నల్ల పెన్సిలు అందుకున్నాడు. తీరా చూస్తే ఆ ఊహించిన రెండు వాక్యాలూ మంగతాయారు పాత ఉత్తరంలోవి.

చివరికి ఏడో నవల తెరిచాడు. "చెవిలో నీళ్ళు చేపకి. ఈ గేయము?"

గంగాధరం గొంతు సవరించుకున్నాడు. ప్రాచీన జానపదమంటే అది ఆకుపచ్చ. ఆ పాటే ఆ నవలకి ప్రాణం. సీరియల్లో కూడా అదే పాడించారు. బల్ల మీద నల్ల పెన్సిలు, ఆయన చెక్కిన ముక్కుతో ఆయన వైపే చూస్తోంది.

"నేనే కట్టానండి," అన్నాడు.

మంగతాయారు అప్పుడే పెరట్లోంచి వచ్చింది. చీర కుచ్చిళ్ళు తడిగా ఉన్నాయి, భుజం మీద పిల్ల తుండుగుడ్డ ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆయన ఎన్ని మాటలు తీసుకున్నా ఆమె గొడవ పడిందే గాని బాధ పడలేదు. పెసరట్టు మాడినంతసేపు కోపం, అంతే. ఇప్పుడు మాత్రం గొడవ పడాలనిపించలేదు.

"అది నాది," అంది మెల్లగా.

"సాక్షులు?"

"హైమ. అది దాని మీదే కట్టాను."

"అప్పటికి వారి వయసు?"

"మూడు నెలలు."

"శిశు సాక్ష్యము చెల్లదు," అని త్రినాథరావు కలం మూసి లేచి నిలబడి, తాత్కాలిక ఉత్తర్వు చదివాడు. "ఒకటి. రచయిత సొంతమని నిర్ధారణ అయినవి: అన్నాడు, అన్నది, కొంతసేపు మౌనము, మరియు నిట్టూర్పులు మూడు వందల నలభై. రెండు. మూలమునకు ఎంత కాలమో, దాని నుండి పుట్టినదానికి అంతకు మించి ఉండరాదు. ఇది జీవోలో తొమ్మిదో నిబంధన. మూడు. వివాదములో ఉన్న మాటలను విచారణ ముగియు వరకు ఈ గృహమునందు ఎవరును పలుకరాదు. యథాతథ స్థితి."

"విచారణ ఎప్పుడు ముగుస్తుంది బాబూ?" అంది మంగతాయారు.

"కోరిన కాలములో పదో వంతు మించకుండా, అమ్మా," అన్నాడు ఆయన భరోసాగా.

వివాదపు మాటల జాబితా క్యాలెండరు పక్కన అంటించి వెళ్ళారు. అరవై రెండు పేజీలు. పన్నెండు నవలల్లోనూ ఆ ఇంట్లో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అన్నవన్నీ ఉన్నాయి కనక, అనడానికి ఆట్టే మిగల్లేదు. 'అన్నానికి రండి, చల్లారితే నన్నంటారు' అన్నది మూడో నవల, నలభయ్యో పేజీ. కంచం మీద గరిటెతో మూడుసార్లు కొట్టడం మొదలుపెట్టింది మంగతాయారు. నాలుగో రోజున చూసుకుంటే అదీ తొమ్మిదో నవలలో ఉంది.

సీతాయమ్మ సంగతి మరీ అన్యాయం. ఆవిడ శాపనార్థాలన్నీ నీలం గీతలే. కోడినెత్తుకుపోయిన పిల్లిని కూడా 'ఓ మార్జాలమా, నీవు చేసినది సమంజసము కాదు' అనాల్సి వచ్చింది. "తిట్టక తిట్టక తిన్నది అరగట్లేదే," అని పొట్ట పట్టుకుని పడుకుంది.

గంగాధరం నోటుబుక్కు పట్టుకుని ఇల్లంతా తిరిగేవాడు. ఎవరూ ఏమీ అనరు. 'మంగళవారం: ఏమీ లేదు. బుధవారం: అత్తాకోడళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు' అని రాసుకున్నాడు. పదమూడో నవల మొదటి పేజీ దగ్గరే ఆగిపోయింది.

పిల్లకి నీళ్ళు పోయడమే అసలు యాతన. పాట లేకుండా చెంబు ఎత్తగానే పిల్ల గుక్కపట్టి ఏడ్చేది. మంగతాయారు ఎక్కాలు చదివి చూసింది. బస్సు టైములు చెప్పి చూసింది. ఒక రోజు వేరే దారి లేక, "ఇందుమూలముగా తెలియజేయునదేమనగా," అని జీవోనే రాగం తీసింది. పిల్ల టక్కున ఏడుపాపి, అమ్మమ్మ మొహంలోకి అనుమానంగా చూసి, 'సదరు రచయిత' దగ్గర మళ్ళీ అందుకుంది. గోడ అవతలి నుంచి పక్కింటివాళ్ళు, పిల్లకి గాలి సోకిందేమో చూపించమన్నారు.

"అమ్మా," అంది హైమ ఆ రోజు పిల్లని తుండులో చుట్టుకుంటూ. "నువ్విలా నోరు కట్టేసుకుని నీళ్ళు పోస్తుంటే, పుట్టింటికొచ్చినట్టు లేదే. ఎవరింట్లోనో ఉన్నట్టుంది. వచ్చే ఆదివారం వెళ్ళిపోతాను. అక్కడైనా దానికి ఎవరో ఒకరు ఏదో ఒకటి పాడతారు."

మంగతాయారు జవాబు చెప్పలేదు. చెప్పదలచుకున్నది ఆరో నవలలో ఉంది. కాళ్ళ మీద నీళ్ళు ఆరేదాకా పీట మీదే కూర్చుని, తర్వాత లేచి, లోపలికెళ్ళి కార్డు తీసుకుని చీర మార్చుకుంది. దండెం మీదున్న సంచీ అందుకుని, గంగాధరంతో సైగ చేసింది: అన్నం గిన్నెలో, కూర మూత కింద, నేను ఊరికి.

కాకినాడ గోడౌనులో ఇప్పుడు మూడో కిటికీ కూడా తెరిచారు. 'లైనులో నిలబడియుండగా అభిప్రాయము మారినవారు'. ఎక్కువ మంది అక్కడే ఉన్నారు. మంగతాయారు ఎవరితోనూ వాదించకుండా, టీ తాగకుండా, తగ్గించుకునే కిటికీ దగ్గరికి వెళ్ళి కార్డు పెట్టింది. మూలవక్తలు కూడా కాలం కోరుకోవచ్చునని కార్డు వెనకే రాసుంది. కార్డు వెనక్కి తిప్పి చదివింది ఆమె ఒక్కతే.

"ఎన్ని సంవత్సరములు?" అన్నాడు గుమస్తా.

"సున్నా."

గుమస్తా లేచి నిలబడ్డాడు. త్రినాథరావు బయటికొచ్చాడు.

"అమ్మా, తమరు ఆవేశములో ఉన్నారు. కనీసము ఒక పది సంవత్సరములైనా..."

"వద్దు బాబూ. ఇవాళ సాయంత్రం దాకా కూడా వద్దు."

"రేపు అభిప్రాయము మారవచ్చును. రచయితలందరూ మొదట ఇట్లే అందురు."

"నేను రచయితని కాదు కదండీ."

ఆయన దగ్గర దానికి నిబంధన లేదు. కాసేపు జీవో తిరగేసి, "ఒక్క సున్నా వేయుటకు వీలులేదు. గళ్ళు నాలుగు గనుక నాలుగు సున్నాలు వేయవలెను," అని మాత్రం అన్నాడు.

మంగతాయారు నాలుగు గళ్ళలోనూ నాలుగు సున్నాలు వేసింది. గుండ్రంగా, పెనం మీద అట్లు వేసినట్టు. కింద మాటల జాబితా జతపరిచింది. చేప పాట వరస దగ్గర 'రచన పుట్టిన సందర్భము' అనే కాలమ్ ఖాళీగా ఉంది. కలం ఆగింది. నాలుగు సున్నాలు వేశాక ఇక అది ఎవరిదైనా ఒక్కటే. ఎవరు పాడుకున్నా ఫలానా ఆవిడ కట్టిందని అనరు. కొంచెంసేపు ఆలోచించి, 'పిల్ల చెవిలో నీళ్ళు పోతాయేమోనని భయం' అని రాసి సంతకం చేసింది.

త్రినాథరావు అది చదివాడు. వదులుకోవడానికి సాక్షులక్కర్లేదని పక్కన రాసుకున్నాడు. ముద్ర వెయ్యబోతూ ఆగి, ఇటూ అటూ చూసి, గొంతు తగ్గించాడు. "అమ్మా, ముక్కులో నీళ్ళు కప్పకా, నక్కకా? మా మనవడికి నక్క అని పోస్తున్నాము."

"మీ ఇష్టం బాబూ," అంది మంగతాయారు. "ఇప్పుడిక మీదే."

ఇంకో ఖాళీ ఫారం అడిగి తీసుకుని బస్సెక్కింది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అందరూ వసారాలోనే ఉన్నారు. సీతాయమ్మ మంచం మీద, హైమ ఉయ్యాల పక్కన, గంగాధరం పడక్కుర్చీలో ఖాళీ నోటుబుక్కుతో. మంగతాయారు కాళ్ళు కడుక్కుని వచ్చి, గడప మీద కూర్చుని, సంచీలోంచి ముద్ర వేసిన కాగితం తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నా మాటలన్నీ వదిలేశాను," అంది, కూరలో ఉప్పు తగ్గించానన్నంత మామూలుగా. "ఇవాళ్టినించి అవి నావీ కావు, ఎవరివీ కావు. ఎవరైనా అనొచ్చు, ఎవరైనా పాడొచ్చు, రాసుకోవచ్చు. అత్తయ్యగారూ, మీ తిట్లకి కూడా ఫారం తెచ్చాను. వేలిముద్ర వేస్తే రేపు పొద్దున్నే పిల్లిని తిట్టుకోవచ్చు."

సీతాయమ్మ లేచి కూర్చుంది. "ఏదీ, సిరా ఎక్కడ?" అంది.

గంగాధరం కుర్చీలోంచి ముందుకి వంగాడు. "మరి నా నవలలు?"

"తొమ్మిదో నిబంధనండీ. మూలానికి ఎంత కాలమో పుట్టినదానికీ అంతే."

"తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిదేళ్ళూ?"

"నాలుగు సున్నాలు."

పిల్ల ఉయ్యాల్లో ఊ కొట్టింది. గంగాధరం అందరి మొహాలూ చూశాడు. మెల్లగా వెన్ను నిటారు చేసుకుని, కళ్ళజోడు సర్దుకున్నాడు. మొహంలోకి ఎప్పటిదో సభావేదిక వెలుగు వచ్చింది.

"నిజానికి, సాహిత్యం గోదారి నీళ్ళని నేను ఇరవయ్యారో ఏటనే చెప్పాను," అన్నాడు. "ఎవరి బిందె వాళ్ళు..."

"రేపటి నుంచి మళ్ళీ పాటతోనే నీళ్ళు," అంది మంగతాయారు హైమతో. "ఆదివారం ప్రయాణం మానెయ్యి. ఇంకో నెల ఉండు."

హైమ తల వంచుకుని ఉయ్యాల ఊపింది. నవ్వుతోందో ఏడుస్తోందో చీకట్లో తెలియలేదు.

గంగాధరం ఎత్తిన చెయ్యి మెల్లగా దించి, నోటుబుక్కు మూసి, కుర్చీలో వెనక్కి వాలి, సుదీర్ఘంగా ఒక నిట్టూర్పు విడిచాడు.

"అది మాత్రం నీ సొంతమేరా నాయనా," అంది సీతాయమ్మ బొటనవేలు సిరాలో అద్దుతూ. "ఎంతకాలం కావాలంటే అంతకాలం ఉంచుకో."